జుట్టు పెంచిన కుర్రాళ్లు యుద్ధాన్ని ఆపారా?

(మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, చరిత్ర అధ్యాపకులుగా పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం. మాటలు ఆయనవే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు. మీకోసమే వచ్చాను.

నన్ను పిలవడానికి వచ్చినప్పుడు కార్యదర్శి గారు ఒక మాట అన్నారు. "మాస్టారూ, వియత్నాం యుద్ధాన్ని హిప్పీలే ఆపారంటారు కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. ముప్పై రెండేళ్లు డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పాను. క్లాసులో కూడా ఈ మాట చాలాసార్లు విన్నాను. జుట్టు పెంచుకున్నారు, పూలు పంచారు, పాటలు పాడారు, యుద్ధం ఆగిపోయింది. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అలా జరగలేదండీ. అలాగని వాళ్ల వల్ల ఏమీ కాలేదు అన్నా అది అబద్ధమే. మరి ఏం జరిగింది? అది చెప్పుకుందాం.

అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఒకటి. అప్పట్లో వియత్నాం రెండు ముక్కలు. ఉత్తరాన కమ్యూనిస్టుల ప్రభుత్వం, దక్షిణాన అమెరికా అండ ఉన్న ప్రభుత్వం. ఆ యుద్ధంలో అమెరికాని నిలవరించింది ముందుగా వియత్నాం ప్రజలు. ఇది మర్చిపోయి మాట్లాడితే తప్పు చేసినవాళ్లమవుతాం. అమెరికా సైనికులు 58 వేల పైచిలుకు మంది చనిపోయారు. వియత్నాం ప్రభుత్వం 1995లో చెప్పిన లెక్క ప్రకారం, వాళ్ల వైపు పోరాడినవాళ్లు 11 లక్షల మంది, రెండు ప్రాంతాల్లో కలిపి మామూలు జనం దాదాపు 20 లక్షల మంది పోయారు. 20 లక్షలు! పొలంలో ఉన్నవాళ్లు, ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు. ఈ గంటసేపు నేను అమెరికా కుర్రాళ్ల గురించే మాట్లాడతాను. మీరు మాత్రం ఈ లెక్కని పక్కన పెట్టకండి.

సరే. మన దగ్గర సైన్యంలో ఎలా చేరతారు? శ్రీకాకుళం, విజయనగరం వైపు తెల్లవారుజామున బస్సులో వెళ్తే మీకే కనిపిస్తుంది. కుర్రాళ్లు గుంపులు గుంపులుగా రోడ్డు పక్కన పరుగు తీస్తూ ఉంటారు. రిక్రూట్‌మెంట్ ర్యాలీ కోసం ప్రాక్టీసు. ఇష్టపడి చేరతారు. సెలెక్ట్ కాకపోతే ఏడుస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో ఎవర్నీ బలవంతంగా సైన్యంలోకి తీసుకెళ్లలేదు. అందుకే డ్రాఫ్ట్ అన్న మాట మనకి ఒంటికి పట్టదు.

అమెరికాలో అప్పుడు అలా కాదు. మగపిల్లాడికి 18 నిండగానే పేరు నమోదు చేయించుకోవాలి. ఒక కార్డు ఇస్తారు. అది ఎప్పుడూ జేబులో ఉండాలి. స్థానికంగా డ్రాఫ్ట్ బోర్డు అని ఒకటి ఉంటుంది. ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి అన్నది ఆ బోర్డులో పెద్దమనుషులు చెప్తారు. ఒక రోజు ఇంటికి ఉత్తరం వస్తుంది. ఫలానా తేదీన ఫలానా చోట హాజరవ్వు. అంతే. ఆ యుద్ధ కాలంలో అలా పిలిచి తీసుకెళ్లినవాళ్లు దాదాపు 22 లక్షల మంది.

అయితే కాలేజీలో చదువుకునేవాడికి మినహాయింపు ఉండేది. చదువు ఉన్నంతకాలం పిలవరు. ఇప్పుడు చెప్పండి, ఎవరు వెళ్లారు? ఫీజు కట్టలేనివాడు వెళ్లాడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడి కొడుకు వెళ్లాడు. నల్లజాతి కుర్రాడు వెళ్లాడు. కలిగినవాళ్ల పిల్లాడు కాలేజీలో కూర్చున్నాడు. ఆ కాలేజీలోనే యుద్ధం వద్దన్న మాట గట్టిగా వినపడింది. ఈ చిక్కు ఆ ఉద్యమం కడుపులో మొదటినుంచీ ఉంది.

సైన్యంలోకి తీసుకున్న మొదట్లోనే ఏం చేస్తారు? క్షవరం. నున్నగా గొరిగేస్తారు. ఇక నువ్వు నీవాడివి కాదు, మావాడివి అని చెప్పడం అన్నమాట. ఈ జుట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ తీర్మానం అని ఒకటి అమెరికా కాంగ్రెసులో పెట్టారు. అధ్యక్షుడు జాన్సన్‌కి యుద్ధం చేయడానికి ఖాళీ చెక్కు ఇచ్చినట్టే. దిగువ సభలో ఒక్కరు కూడా వద్దనలేదు. సెనేట్‌లో ఇద్దరు వద్దన్నారు. ఇద్దరే. 1965 మార్చిలో అమెరికా మెరైన్ దళాలు దక్షిణ వియత్నాంలో డా నాంగ్ తీరంలో దిగాయి. అదే నెలలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చెప్పాలి. నేను మాస్టార్ని కాబట్టి ఈ ముక్క నాకు చాలా ఇష్టం.

అక్కడి అధ్యాపకులు కొందరు యుద్ధానికి నిరసనగా ఒక రోజు పాఠాలు మానేస్తాం అన్నారు. పెద్ద గొడవైంది. గవర్నరు దగ్గర్నుంచి అందరూ తిట్టారు. అప్పుడు వాళ్లు ఏం చేశారు? సరే, పాఠాలు మానం, ఇంకా ఎక్కువ చెప్తాం అన్నారు. మార్చి 24 రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా వియత్నాం గురించి పాఠాలు చెప్పారు. ఆ దేశం ఎక్కడుంది, దాని చరిత్ర ఏమిటి, ఫ్రెంచివాళ్లు ఎందుకు ఓడిపోయారు, మనం ఎందుకు వెళ్లాం. దాదాపు 3 వేల మంది వచ్చారు. మధ్యలో బాంబు బెదిరింపులు వస్తే బయట మంచులోకి వెళ్లి నిలబడి, మళ్లీ లోపలికి వచ్చి కూర్చుని విన్నారు. ఆలోచించండి. ఒక ఉద్యమం పాఠంతో మొదలైంది. కొద్ది నెలల్లోనే ఇది దేశమంతా పాకింది.

ఇప్పుడు హిప్పీల దగ్గరికి వద్దాం. పుస్తకాల్లో ప్రతిసంస్కృతి అని రాస్తారు. తేలిక మాటల్లో చెప్పాలంటే, మా అమ్మానాన్నలు బతికినట్టు మేం బతకం అనడం. ఉద్యోగం, ఇల్లు, కారు, పక్కింటివాళ్లకంటే పెద్ద కారు, ఇదేనా బతుకు అని అడగడం. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్-ఆష్‌బరీ అనే పేటకి దేశం నలుమూలల నుంచి కుర్రకారు వచ్చి పడ్డారు. అక్కడ డిగ్గర్స్ అని ఒక బృందం ఉండేది. పార్కులో రోజూ ఉచితంగా భోజనం పెట్టేవాళ్లు. ఆ పేటలో ఉచిత ఆసుపత్రి కూడా వెలిసింది. ఇది మంచి. మత్తుమందులు, ఇల్లు వదిలి వచ్చిన చిన్న పిల్లలు వీధిలో పాడైపోవడం, ఇది చెడు. రెండూ ఉన్నాయి. ఒకటి దాచి ఒకటి చెప్పడం నాకు చేతకాదు.

వాళ్లలో చాలామంది మన దేశం వైపు చూశారు. గిన్స్‌బర్గ్ అనే కవి 1962, 63లలో కలకత్తాలో, కాశీలో ఉండి వెళ్లాడు. పూలశక్తి, అంటే కోపానికి బదులు పూలతో నిరసన, అనే మాటని ముందు వాడుకలోకి తెచ్చింది అతనే. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు 1968, 69లలో బ్రాండైస్, బర్క్లీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో ఈ విద్యార్థులతోనే మాట్లాడారు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? వాళ్లు ఆయన దగ్గర గురువుని వెతికారు, ఆయనేమో నేను గురువుని కాను పొమ్మన్నాడు. మత్తుమందుల వల్ల మనసు మారదని కూడా ముఖం మీదే చెప్పాడు. మన హైదరాబాదులో కూడా అప్పుడు కుర్రాళ్లు ఊరికే లేరు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి నడివీధిలో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్లు అమెరికాని చూసి రాసినవాళ్లు కాదు. వాళ్ల కోపం ఇక్కడిది, ఈ మట్టిది. కానీ ఆ గాలి లోకమంతా వీస్తోంది. 1968లో అమెరికా మాజీ రక్షణ మంత్రి మెక్‌నమారా కలకత్తా వస్తే వీధులు దద్దరిల్లాయి. నీ పేరు వియత్నాం, నా పేరు వియత్నాం అన్నారు బెంగాలీ కుర్రాళ్లు. అమెరికా కాన్సులేట్ ఉన్న వీధికి ఉత్తర వియత్నాం నాయకుడు హో చి మిన్ పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు.

సరే, మళ్లీ అక్కడికే వెళ్దాం. హిప్పీలు వేరు, యుద్ధ వ్యతిరేక ఉద్యమకారులు వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. ఉద్యమంవాళ్లు రాత్రంతా కూర్చుని కరపత్రాలు రాసేవాళ్లు, మీటింగుల్లో ఒక్కో తీర్మానం మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్లు. హిప్పీలకి అదంతా విసుగు. ఆ ఊరేగింపులు కూడా మరో యుద్ధంలాగే ఉన్నాయి, మేం రాం అనేవాళ్లు కొందరు. దేశం తగలబడుతుంటే మీరు గిటార్ వాయించుకుంటున్నారా అని ఉద్యమంవాళ్లు తిట్టేవాళ్లు. ఇద్దరూ బాగా కలిసింది 1967 అక్టోబర్ 21న. వాషింగ్టన్‌లో లక్ష మంది పోగయ్యారు. అందులో వేల మంది నది దాటి పెంటగాన్‌కి, అంటే యుద్ధశాఖ ఆఫీసుకి నడిచారు. అక్కడ సైనికులు తుపాకులు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఒక కుర్రాడు ఒక్కో తుపాకీ గొట్టంలో ఒక్కో పువ్వు పెట్టుకుంటూ వెళ్లాడు. ఆ ఫోటో మీరందరూ చూసే ఉంటారు.

మరి ఆ ఫోటో చూసి అమెరికా జనం గుండె కరిగిపోయిందా? లేదు. ఇక్కడే మనం జాగ్రత్తగా చూడాలి. 1968 ఆగస్టులో షికాగోలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ బయట పోలీసులు కుర్రాళ్లని కుళ్లబొడిచారు. టీవీలో దేశమంతా చూసింది. చూసి ఏమంది? సర్వేల్లో ఎక్కువమంది పోలీసుల వైపే ఉన్నారు. అప్పటికి యుద్ధం తప్పు అనుకునేవాళ్లు సగం దాకా ఉన్నారు. అయినా యుద్ధం వద్దు అంటున్న ఈ జుట్టువాళ్లంటే ఇంకా ఒళ్లుమంట. నవంబరులో అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ గెలిచాడు. ఆ మంటని ఓట్లుగా మార్చుకోవడం ఆయనకి బాగా తెలుసు.

ఇప్పుడు జుట్టు సంగతికి వస్తున్నాను. 1968 జనవరి చివర్లో టెట్ పండగ, అంటే వాళ్ల ఉగాది. ఆ రోజుల్లో ఉత్తరాదివాళ్లు, దక్షిణంలోని కమ్యూనిస్టు గెరిల్లాలు కలిసి దక్షిణ వియత్నాం అంతటా ఒక్కసారి దాడులు మొదలుపెట్టారు. దక్షిణ రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే చొరబడ్డారు. గెలిచేస్తున్నాం, గెలిచేస్తున్నాం అని మూడేళ్లుగా చెప్తున్నమాట అబద్ధమని జనానికి తెలిసిపోయింది. అదే సమయంలో యూజీన్ మెకార్తీ అనే సెనేటర్ యుద్ధం ఆపాలంటూ సొంత పార్టీ అధ్యక్షుడు జాన్సన్ మీదే పోటీకి దిగాడు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగుల్లో మొదటిది న్యూహాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రంలో. చలి, మంచు, పాతకాలం మనుషులు. వేలమంది విద్యార్థులు పని చేయడానికి వచ్చారు. అయితే ఈ జుట్టూ గడ్డాలతో తలుపు కొడితే ఆ ముసలమ్మ తలుపు తీస్తుందా?

వాళ్లేం చేశారో తెలుసా? క్షవరం చేయించుకున్నారు. గడ్డాలు తీసేశారు. అమ్మాయిలు పొట్టి గౌన్లు మానేసి పద్ధతిగా బట్టలు వేసుకున్నారు. ఇంటింటికీ తిరిగారు. జుట్టు వాళ్లకి చాలా ముఖ్యం. ఆ జుట్టు కోసం ఇంట్లో నాన్నతో పోట్లాడినవాళ్లు, స్కూల్లోంచి గెంటించుకున్నవాళ్లు. దాన్ని తీసి పక్కన పెట్టారు. తలనీలాలు ఇవ్వడం అంటే ఏమిటో మన తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొక్కు పెద్దదైతే జుట్టు లెక్కలోకి రాదు. మార్చి 12న ఓట్లు లెక్కపెడితే పదవిలో ఉన్న అధ్యక్షుడికి 49 శాతం, ఈ కుర్రాళ్ల మనిషికి 42 శాతం. మార్చి 31న జాన్సన్ టీవీలోకి వచ్చి, నేను మళ్లీ పోటీ చేయను అన్నాడు. టెట్ దాడి లేకపోతే ఇది జరిగేది కాదు, నిజమే. కానీ ఆ తలుపులు తట్టినవాళ్లు లేకపోయినా జరిగేది కాదు.

వుడ్‌స్టాక్ సంగీతోత్సవం గురించి అడుగుతారని తెలుసు. 1969 ఆగస్టు, నాలుగు లక్షల మందికి పైగా, వాన, బురద, పాటలు. చివరి రోజు పొద్దున జిమీ హెండ్రిక్స్ గిటార్ మీద జాతీయగీతం వాయిస్తే అందులో బాంబులు, సైరన్లు వినిపించాయి. అతను కూడా ఒకప్పుడు పారాట్రూపర్‌గా సైన్యంలో పనిచేసినవాడే. అది వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. అంతవరకే. యుద్ధం ఆగడంలో వుడ్‌స్టాక్ పాత్ర నాకైతే పెద్దగా కనపడదు.

నా లెక్కలో పెద్దది అదే ఏడాది అక్టోబర్ 15. బుధవారం. అందరూ వాషింగ్టన్ రావాల్సిన పనిలేదు, ఎక్కడివాళ్లు అక్కడే ఆ రోజు మామూలు పని ఆపి యుద్ధం గురించి ఆలోచించండి అన్నారు. చిన్న చిన్న ఊళ్లలో చర్చిల్లో చనిపోయిన సైనికుల పేర్లు చదివారు. గృహిణులు వచ్చారు, డాక్టర్లు వచ్చారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు చేతికి నల్ల పట్టీ కట్టుకున్నారు. లక్షల మంది. నవంబరులో వాషింగ్టన్‌లో ఇంకోటి జరిగింది. ఒక్కొక్కరు ఒక కొవ్వొత్తి, మెడలో ఒక అట్ట. అట్ట మీద చనిపోయిన ఒక సైనికుడి పేరో, నాశనమైన ఒక వియత్నాం పల్లె పేరో. ఆర్లింగ్టన్ శ్మశానం దగ్గర బయల్దేరి ఒకరి వెనక ఒకరు నడిచి, శ్వేతసౌధం ముందుకు రాగానే ఆ పేరు గట్టిగా పలికి, ముందుకు సాగి ఆ అట్టని శవపేటికలో పెట్టేవాళ్లు. రెండు రాత్రులు నడిచారు, దాదాపు 40 వేల మంది. నినాదం లేదు. పేరు మాత్రమే.

నిక్సన్ అప్పుడేమన్నాడు? ఇలాంటివాటికి నేను చలించను అన్నాడు. కానీ లోపల సంగతి వేరు. నవంబర్ 1 లోపు దారికి రాకపోతే ఘోరమైన దాడి చేస్తామని ఆయన హనోయికి, అంటే ఉత్తర వియత్నాం ప్రభుత్వానికి, రహస్యంగా బెదిరింపు పంపి ఉన్నాడు. ఆ దాడి చేయలేదు. ఈ నిరసనల వల్ల నా బెదిరింపుకి విలువ పోయిందని తర్వాత తన జ్ఞాపకాల్లో ఆయనే రాసుకున్నాడు. ఆ రోజు చర్చిలో నిలబడి పేరు చదివిన ముసలాయనకి ఇది తెలుసా? తెలియదు. ఏమీ మారలేదనుకుని ఇంటికి వెళ్లి ఉంటాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే రెండు సంగతులు. నీళ్లు తాగి చెప్తాను, ఒక్క నిమిషం.

మొదటిది, కాఫీ హోటళ్లు. 1967-68 చలికాలంలో సౌత్ కరొలైనా రాష్ట్రం కొలంబియాలో, సైనిక శిక్షణ శిబిరం ఉన్న ఊళ్లో, కొందరు కుర్రాళ్లు ఒక కాఫీ హోటల్ తెరిచారు. పాటలు, పుస్తకాలు, కాఫీ. వచ్చేది ఎవరు? గుండు చేసిన సైనికులు. చూడండి, జుట్టు పెంచినవాడూ జుట్టు గొరిగించుకున్నవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అంతకుముందు దాకా ఊరేగింపుల్లో సైనికుణ్ణి శత్రువులా చూసినవాళ్లు ఉన్నారు. అది పెద్ద తప్పు. వాడు మన పక్కింటి పిల్లాడే అని గుర్తించిన చోటే ఉద్యమం మలుపు తిరిగింది. టెక్సస్‌లో ఫోర్ట్ హుడ్ దగ్గర ఇంకో హోటల్, అలా చాలాచోట్ల. సైనికులే రాసి, దొంగచాటుగా అచ్చేసి పంచుకునే పత్రికలు వందల్లో పుట్టాయి. షికాగో మహాసభ దగ్గర కుర్రాళ్లని అణచడానికి రమ్మంటే ఫోర్ట్ హుడ్‌లో నల్లజాతి సైనికులు రాత్రంతా కూర్చుని, మేం వెళ్లం అన్నారు. 43 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో వియత్నాంలో యుద్ధం చేసి వచ్చినవాళ్లే ఎక్కువ. 1971 వచ్చేసరికి వియత్నాంలో ఉన్న సైనికులు హెల్మెట్ల మీద శాంతి గుర్తు గీసుకుంటున్నారు, మెడలో పూసలు వేసుకుంటున్నారు, ఆజ్ఞ ఇస్తే కదలనంటున్నారు. సైన్యం కూలిపోతోందని ఒక రిటైర్డ్ కల్నలే వ్యాసం రాశాడు. సైనికుడు కదలనంటే ఏ అధ్యక్షుడు యుద్ధం చేయగలడు?

రెండోది. ఇది జాగ్రత్తగా వినండి. డేనియల్ ఎల్స్‌బర్గ్ అని ఒకాయన. మాజీ మెరైన్, పెద్ద చదువు, పెంటగాన్‌లో పనిచేశాడు, వియత్నాం వెళ్లి చూసి వచ్చాడు. యుద్ధం ఎలా మొదలైంది, ఎవరెవరు ఎన్ని అబద్ధాలు చెప్పారు అన్నది 7 వేల పేజీల రహస్య నివేదికలో ఉంది. అది ఆయన దగ్గర ఉంది. యుద్ధం తప్పని ఆయనకి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు, మనలో చాలామంది ఊరుకున్నట్టే.

1969 ఆగస్టులో పెన్సిల్వేనియాలో హావర్‌ఫర్డ్ అనే చోట యుద్ధ వ్యతిరేకుల సభ జరిగింది. ఎల్స్‌బర్గ్ వెళ్లాడు. ర్యాండీ కేలర్ అనే కుర్రాడు మాట్లాడుతున్నాడు. హార్వర్డ్‌లో చదివినవాడు. కావాలంటే ఏదో ఒక మినహాయింపుతో తప్పించుకోగలడు. కానీ డ్రాఫ్ట్‌కి సహకరించనని చెప్పేశాడు. మాటల మధ్యలో, నా స్నేహితులు జైల్లో ఉన్నారు, త్వరలో నేనూ వెళ్తాను, సంతోషంగా వెళ్తాను అన్నాడు. ఏదో ఊరికి వెళ్తున్నట్టు చెప్పాడు. సభ అంతా లేచి నిలబడింది. ఎల్స్‌బర్గ్ మాత్రం లేచి బయటికి వెళ్లి, ఎవరూ లేని బాత్‌రూములో నేల మీద కూర్చుని గంటకు పైగా ఏడ్చాడు. మన దేశంలో మంచి పిల్లలు చేయగలిగిన మంచి పని జైలుకి వెళ్లడమేనా అనుకున్నాడు. నేనూ జైలుకి సిద్ధపడితే ఏం చేయగలను అని తనని తాను అడిగాడు.

అక్టోబర్ 1 రాత్రి నుంచి ఒక స్నేహితుడి సాయంతో ఆ కాగితాలు జిరాక్స్ తీయడం మొదలుపెట్టాడు. ఒక్కో పేజీ, చేత్తో. పదమూడేళ్ల కొడుకు సాయం చేశాడు. పదేళ్ల కూతురు పేజీల మీద ఉన్న అతి రహస్యం అన్న ముద్రని కత్తెరతో కత్తిరించింది. 1971 జూన్ 13న అవి న్యూయార్క్ టైమ్స్‌లో మొదలయ్యాయి. ప్రభుత్వం ఆపాలని చూసింది, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆయన మీద పెట్టిన కేసులన్నీ రుజువైతే 115 ఏళ్ల జైలు. ఆయన నోరు మూయించడానికి నిక్సన్ మనుషులు ఆయన డాక్టరు ఆఫీసులో దొంగతనానికి దిగారు. ఆ దొంగతనం బయటపడి కేసు కొట్టేశారు. అలాంటి పనులే పెరిగి పెరిగి వాటర్‌గేట్ కుంభకోణంగా నిక్సన్ మెడకి చుట్టుకున్నాయి.

కేలర్ చెప్పినట్టే జైలుకి వెళ్లాడు. 22 నెలలు ఉన్నాడు. ఆ రోజు తన మాటలు విన్నవాళ్లలో ఒకాయన బాత్‌రూములో కూర్చుని ఏడుస్తున్నాడని అతనికి తెలియదు. ఎల్స్‌బర్గ్ మాత్రం బతికినంతకాలం చెప్తూనే ఉన్నాడు, ఆ కుర్రాడి మాట వినకపోతే నేను ఆ కాగితాలు బయటపెట్టేవాణ్ణి కాదు అని.

ముందు వరసలో ఉన్న పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు, సంతోషం. తేదీలు తప్పినా ఫరవాలేదమ్మా, ఈ కథ మాత్రం తప్పకుండా రాసుకో.

మిగతావి గబగబా చెప్తాను. 1969 డిసెంబర్ 1న డ్రాఫ్ట్‌కి లాటరీ పెట్టారు. 366 పుట్టినరోజులు నీలం రంగు ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి టీవీలో తీశారు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. ఆ తేదీన పుట్టినవాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఎలా గడిచిందో ఊహించుకోండి. 1970 ఏప్రిల్ 30న నిక్సన్ కంబోడియాలోకి సైన్యాన్ని పంపానని ప్రకటించాడు. మే 4న ఒహాయోలో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు అనే సైనిక దళం విద్యార్థుల మీద కాల్పులు జరిపింది. పదమూడు సెకన్లు, 67 తూటాలు, నలుగురు పిల్లలు. ఇద్దరు నిరసనలో లేరు, క్లాసుకి వెళ్తున్నారు. పది రోజుల తర్వాత మిసిసిపిలో జాక్సన్ స్టేట్ అనే నల్లజాతి కాలేజీలో ఇంకో ఇద్దర్ని చంపారు. ఈ రెండోదాన్ని లోకం అంతగా గుర్తుపెట్టుకోలేదు, ఎందుకో మీకు తెలుసు. 40 లక్షల మంది విద్యార్థులు సమ్మె చేశారు. అయినా కెంట్ స్టేట్‌లో తప్పెవరిది అని సర్వేలో అడిగితే 58 శాతం మంది విద్యార్థులదే అన్నారు. చనిపోయిన పిల్లలదే తప్పు అన్నారు! ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు కలతపడుతుంది.

1971 ఏప్రిల్ 23న వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులు వాషింగ్టన్‌లో కాంగ్రెసు భవనం మెట్ల ముందు ఒక్కొక్కరుగా వచ్చి తమ పతకాలు విసిరేశారు. కొందరు చక్రాల కుర్చీల్లో వచ్చారు. జుట్టు భుజాల దాకా పెరిగి ఉంది, ఒంటి మీద సైనిక చొక్కా ఉంది. ఇక వీళ్లని పిరికివాళ్లని ఎవరనగలరు? ఆ జులైలోనే ఓటు వయసు 21 నుంచి 18కి దించారు. చావడానికి పనికొచ్చేవాడు ఓటుకి పనికిరాడా అన్న ప్రశ్నకి జవాబు లేకపోయింది. మనకి అది 1989లో వచ్చింది.

యుద్ధం ఎలా ముగిసింది మరి? నిక్సన్ తెలివిగా వెళ్లాడు. సైనికుల్ని కొద్దికొద్దిగా వెనక్కి తెచ్చాడు. 1968 చివర్లో అయిదు లక్షల ముప్పై వేల పైన ఉన్నవాళ్లు 1972 చివరికి 24 వేలకి తగ్గారు. పైనుంచి బాంబులు మాత్రం తగ్గించలేదు. డ్రాఫ్ట్ పిలుపులు తగ్గుతున్నకొద్దీ కాలేజీల్లో ఊరేగింపులు పలచబడ్డాయి. ఇది చేదు నిజం. తన మెడ మీద కత్తి లేదని తెలిశాక కొందరికి వియత్నాం పల్లె దూరమైపోయింది. కొందరికి మాత్రం దూరం కాలేదు, చివరిదాకా ఉన్నారు. 1973 జనవరి 27న పారిస్ ఒప్పందం, అదే రోజు డ్రాఫ్ట్ రద్దు ప్రకటన. మార్చి 29న చివరి పోరాట దళాలు బయల్దేరాయి. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. డ్రాఫ్ట్ తప్పించుకుని కెనడా వెళ్లిపోయినవాళ్లకి 1977లో కొత్త అధ్యక్షుడు కార్టర్ పదవిలోకి వచ్చిన మర్నాడే క్షమాభిక్ష పెట్టాడు. కొందరు తిరిగివచ్చారు, కొందరు రాలేదు.

మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. ఆ మధ్య వెళ్లినప్పుడు వాషింగ్టన్‌లో వియత్నాం గోడ చూపించమన్నాను. నల్లరాతి గోడ. దాని నమూనా గీసింది మాయా లిన్, అప్పటికి ఆమెకి 21 ఏళ్లు, ఇంకా చదువుకుంటోంది. చనిపోయినవాళ్ల పేర్లు, పోయిన తేదీల వరసలో. మధ్య మూల దగ్గర మొదలై తూర్పు చివరికి వెళ్తాయి. మళ్లీ పడమటి చివర నుంచి మొదలై మధ్యకే వచ్చి ముగుస్తాయి. గోడ చివర్లలో చీలమండ ఎత్తే ఉంటుంది, మధ్యకి వస్తున్నకొద్దీ పెరుగుతుంది.

నేను అక్కడున్న పేర్ల పుస్తకం అడిగి, 1969 అక్టోబర్ 15 ఎక్కడుందో వెతికించుకున్నాను. లక్షల మంది ఆపండి అని అడిగిన రోజు. ఆ పలక దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి మధ్య మూలకి నడిచాను. ఆగమన్న తర్వాత పోయినవాళ్లు అన్నమాట, వాళ్లంతా. గోడ అప్పటికే నా తల దాటి ఉంది, నడుస్తుంటే ఇంకా పైకి, చెయ్యి ఎత్తినా అందనంత పైకి వెళ్లింది. పేర్లు అయిపోలేదు. మా అమ్మాయి వెనకనుంచి, నాన్నా, వెళ్దామా అంది. ఇంకో రెండు పలకలున్నాయి ఆగమ్మా అన్నాను.

ప్రశ్నలుంటే అడగండి. ముందు పిల్లలు అడగండి.